ఆ నెలలో మీ చేతిలో ఏం పని?

సికింద్రాబాదులో ఒక సంఘం. ఆ సంఘం యవ్వనస్థులకు, విదేశంలో కొద్దిరోజులు పరిచర్య చేసి రావాలని భారం కలిగింది. ఎక్కడికన్నది తేల్చుకోవడం కష్టం కాలేదు. అంతకుముందు ఏడాది హైదరాబాదులో జరిగిన ఒక సభకు మలావీ దేశం నుంచి ఒక పాస్టరుగారు వచ్చి, వీళ్ల చర్చిలో ఒక ఆదివారం వాక్యం చెప్పి వెళ్లారు. మలావీ ఆఫ్రికా ఖండంలో, ఒక మహా సరస్సు పొడవునా పరుచుకున్న చిన్న దేశం. ఆ సరస్సు ఒడ్డున సలీమా జిల్లాలో ఆయన పల్లె. అక్కడివాళ్లు పాస్టరుగారిని ‘అబూసా’ అంటారు. వీళ్లకూ అలాగే అలవాటైంది.

టీమ్‌లో పది మంది. నాయకుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మంచివాడు, ప్రార్థనాపరుడు, చేపట్టిన పనిని మధ్యలో వదిలే రకం కాదు. తేదీలు అతనే కుదిర్చాడు. క్రిస్మస్ ఆరాధనలూ డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైటూ అయిపోవాలి, సంక్రాంతి సెలవులు కలిసిరావాలి, ఉద్యోగస్తులకు లీవు దొరకాలి, కాలేజీ పిల్లలకు పరీక్షలు అడ్డురాకూడదు. ఇవన్నీ చూసుకుని జనవరి 4 నుంచి 18 అని ఖాయం చేశాడు. అబూసాకు వాట్సాప్‌లో రాస్తే రెండు రోజులకు జవాబు వచ్చింది: రండి, మాకు చాలా సంతోషం అని. ఆ ఆదివారమే చర్చిలో ప్రకటన చేశారు. కానుకలు మొదలయ్యాయి.

సెప్టెంబరు నుంచి ప్రతి శనివారం సాయంత్రం చర్చి వరండాలో తయారీ కూటం. మొదట అరగంట ప్రార్థన, తర్వాత పని. పిల్లలకు బొమ్మలాట, మంచి సమరయుని నాటిక, చేతులతో అభినయించే పాటలు. ఒకమ్మాయి యూట్యూబులో చూసి చిచేవా భాషలో ఒక పాట పూర్తిగా నేర్చేసుకుంది. సంఘంలో మందుల షాపు ఉన్న పెద్దమనిషి రెండు అట్టపెట్టెల మాత్రలు ఇచ్చాడు. ఒక వ్యాపారి మూడు వందల టీషర్టులు వాక్యం అచ్చువేయించి ఇచ్చాడు. బడిగోడకు రంగులు వేద్దామని బ్రష్షులు కొన్నారు. మనిషికి రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. వేలాడదీసి తూచే కాటా ఒకటి తెచ్చి, ప్రతి శనివారం పెట్టెలు తూచి, ఎవరి పెట్టెలో ఇంకా చోటుందో చూసి అందులో ఇంకేదో కూరేవారు. అంతా భక్తితోనే చేశారు. పిల్లలు పాకెట్ మనీ దాచి ఇచ్చిన డబ్బు కూడా అందులో ఉంది.

ఆ సంఘంలో ఒక పెద్దావిడ ఉంది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. చిన్నా పెద్దా అందరికీ ఆమె నర్సమ్మే. మెడికల్ క్యాంపు పెట్టాలంటే అనుభవమున్న చెయ్యి కావాలి కాబట్టి టీమ్‌లోకి ఆమెను పిలిచారు. ఆమె సంతోషంగా ఒప్పుకుంది. ప్రయాణం ఆడిస్ అబాబా మీదుగా. ఇథియోపియా మీదుగా తిరిగొచ్చే వాళ్లు ఎల్లో ఫీవర్ టీకా కార్డు చూపించాలి, అదీ టీకా వేయించుకుని పది రోజులు దాటి ఉండాలి. లేకపోతే మన దేశంలో దిగగానే క్వారంటైన్‌లో పెట్టవచ్చు. అందుకని అందరూ కలిసి నారాయణగూడలోని ఐపీఎం టీకా కేంద్రానికి వెళ్లారు. అక్కడి డాక్టరు నర్సమ్మ వయసు చూసి ఆగిపోయాడు. అరవై దాటిన వాళ్లకు ఈ టీకాతో ప్రమాదం ఎక్కువ, మీకు డెబ్భై ఒకటి, తప్పనిసరైతే తప్ప నేను వెయ్యను అన్నాడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. సంచి సర్దుకుని లేచింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పిల్లలు దిగాలుగా కూర్చుంటే ఆమే అంది: “నేను రాకపోతే నా పని ఆగిపోతుందా? ఆ అబూసా గారి భార్య నంబరు ఇవ్వండి నాకు. మీరు వెళ్లేలోపు నేను ఆమెతో మాట్లాడుతుంటాను.”

ఆ పల్లెలో అబూసా భార్యను అందరూ ‘అమాయి’ అంటారు, అమ్మగారని. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా మాటలు సాగాయి. మోకాళ్ల నొప్పులు, మనవలు, చేపలు ఎండబెట్టడం, ఎవరింట్లో ఎవరు పోయారన్నది, ప్రార్థన మనవులు. మూడు నాలుగు వారాలు ఇలా గడిచాక ఒకరోజు నర్సమ్మ అసలు మాట ఎత్తింది.

“జనవరిలో మా పిల్లలు వస్తున్నారు. మీకు వీలుగానే ఉంటుందా అమ్మా?”

“రండి. మా ఇల్లు మీ ఇల్లే.”

ఇంకొకరైతే స్తోత్రం చెప్పి ఫోను పెట్టేసేవారు. నర్సమ్మ పెట్టలేదు. ఆమె పుట్టింది ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక పల్లెలో. రండి అనే మాట వెనక ఏముంటుందో ఆమె చిన్నప్పుడే చూసింది. కాసేపు ఊరుకుని, వేరే విధంగా అడిగింది.

“జనవరిలో మీ చేతిలో ఏం పని ఉంటుంది?”

అవతల కొంచెం ఆలస్యమైంది. “కలుపు తీస్తాం. అప్పుడు వానలు. మొక్కజొన్న మోకాలి ఎత్తు ఉంటుంది. తెల్లారకముందే చేలోకి పోతాం.”

“ఇంట్లో గింజలుంటాయా?”

“న్ఖొక్వే అప్పటికి అడుగంటుతుంది.” న్ఖొక్వే అంటే వెదురు బద్దలతో అల్లిన గాదె. “మార్చిలో పచ్చి కంకులు వస్తాయి. అందాకా గన్యు చేస్తాం.”

గన్యు అంటే కూలికి పోవడం. కాస్త ఉన్నవాళ్ల చేలో పనిచేస్తే డబ్బో, కొలిచిన గింజలో ఇస్తారు. నర్సమ్మ ఇంకేమీ అడగలేదు. ప్రార్థన చేసి ఫోను పెట్టేసింది.

శనివారం కూటంలో ఆమె లేచి చెప్పింది, జనవరిలో వెళ్లొద్దని. వరండా అంతా ఒక్కసారి గోలయింది. టికెట్లు కొనేశారు. రద్దు చేస్తే పోయే డబ్బెంత? లీవులు మంజూరయ్యాయి, మళ్లీ ఇవ్వరు. టీషర్టుల మీద సంవత్సరం కూడా అచ్చువేయించారు. నాయకుడి ముఖం ఎర్రబడింది.

“అమ్మమ్మా, వాళ్లే కదా రమ్మన్నారు!”

“మా అమ్మ కూడా రమ్మనే అనేది బాబూ,” అంది నర్సమ్మ. “మిషన్ దొరసానిగారు ఊళ్లోకి వస్తున్నారంటే మా అమ్మ పక్కింటి నుంచి కోడిని బదులు తెచ్చేది. గుడ్లు ఇంకో ఇంటి నుంచి. దొరసానిగారు దేవుని మనిషి, మా తలలకు నూనె రాసి పుండ్లు కడిగిన తల్లి. ఆమెకు తెలిస్తే ఆ కూర ముట్టేది కాదు. ఎవరు చెప్తారు? ఆమె వెళ్లాక ఆ కోడి బదులు తీర్చడానికి మా అమ్మ ఎన్నాళ్లు పాలు అమ్మిందో నాకు తెలుసు. మా అమ్మ ఏడవలేదు, సణగలేదు. మళ్లీ వస్తానంటే మళ్లీ రమ్మనే అంది.”

నాయకుడు ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు. అతనికి కోపం వచ్చిందని అందరూ అనుకున్నారు, వచ్చిన మాట నిజమే. కానీ పొద్దున్నే అబూసాకు ఇలా రాశాడు: “మా సెలవులు, మా టికెట్లు మరిచిపోండి. మీ పల్లెకు ఏ నెల మంచిదో మీరే చెప్పవలసి వస్తే ఏ నెల చెప్తారు?” మొదటిసారి జవాబుకు రెండు రోజులు పట్టింది. ఈసారి రెండు నిమిషాలు పట్టలేదు. “జూలై.”

పది మందిలో ఆరుగురు మానుకున్నారు. కొందరికి నిజంగా సెలవు లేదు, కొందరి ఉత్సాహం చల్లారింది. టికెట్ల మీద పోయిన డబ్బు గురించి సంఘ పెద్దల మీటింగులో మాటలు పడవలసినవన్నీ నాయకుడు పడ్డాడు. మిగిలిన నలుగురి పెట్టెలు నర్సమ్మ ఖాళీ చేయించింది. ఏం తేవాలో అబూసానే అడగండి అంది. ఆయన పంపిన పట్టీలో ఉన్నవి రెండే. ముసలివాళ్లు బైబిలు చదువుకోవడానికి దగ్గరి చూపు కళ్లద్దాలు, వేరువేరు పవర్లవి. చేతనైతే పిల్లల కోసం ఒక ఫుట్‌బాల్. టీషర్టులు వద్దన్నారు. విదేశాల నుంచి బేళ్లకొద్దీ వచ్చే పాత బట్టలు, వాళ్లు ‘కౌంజిక’ అంటారు, సంతలో ఎలాగూ దొరుకుతాయి. మందుల సంగతి దగ్గర్లోని ఆరోగ్య కేంద్రాన్ని అడిగి చెప్పారు: అనుమతి లేకుండా మాత్రలు పంచవద్దన్నారట. క్యాంపు ఆలోచన అక్కడితో ఆగింది.

జూలై నెల అక్కడ చలికాలం. వాన లేదు, బురద లేదు, గాదెలు నిండి ఉన్నాయి. నలుగురూ రెండిళ్లలో సర్దుకున్నారు. మోకాళ్లు వంచి రెండు చేతులు కలిపి పలకరించడం నేర్చుకున్నారు. మొక్కజొన్న పిండితో వండే న్సీమా మన సంగటిలాగే ఉంటుంది, కుడిచేత్తో ముద్ద చేసి గుమ్మడాకు కూరలో అద్దుకుని తినాలి. మనవాళ్లకు అది చెప్పాల్సిన పని లేకపోయింది. పగలు ఆడవాళ్లతో కూర్చుని కంకులు ఒలిచారు. సాఫ్ట్‌వేర్ చేతులకు తొలిరోజే బొబ్బలొచ్చాయి. అమాయి వాటిని చూసి నవ్వి, వట్టి కంకి బెండు చేతికిచ్చి, దాన్ని గింజల వరుస మీద ఎలా రుద్దాలో చూపించింది. మాటలు అక్కడే కలిశాయి. చనిపోయిన బిడ్డల పేర్లు అక్కడే చెప్పుకున్నారు. సాయంత్రాలు పాటలు, వాక్యం. ఆదివారం ఆరాధనలో మొక్కజొన్న బస్తాలు, గుమ్మడికాయలు తెచ్చి బలిపీఠం ముందు పెడుతుంటే నలుగురికీ తమ ఊళ్లలోని కోతపండుగ కళ్లముందు కనిపించింది.

బయల్దేరే ముందు రోజు నాయకుడు గాదె దగ్గర అమాయిని అడిగాడు: “మాకంటే ముందు ఎవరైనా వచ్చారా?”

“మూడేళ్ల కింద వచ్చారు. జనవరిలో. మంచి పిల్లలు. బడికి రంగులు వేసింది వాళ్లే.”

“అప్పుడు వాళ్లకు భోజనం?”

“అన్నం, కోడికూర. అతిథికి న్సీమా, ఆకుకూర ఎలా పెడతాం? జనవరిలో బియ్యం కొనాలి. అప్పు చేశాం. వాళ్లు వెళ్లాక నెలన్నర గన్యు చేసి తీర్చాం. మేం ఊళ్లోవాళ్ల చేలో కలుపు తీస్తుంటే మా చేలో కలుపు పెరిగింది.” గాదె గోడ మీద చెయ్యి పెట్టి నడుం ఎత్తు చూపించింది. “ఆ ఏడు పంట ఇంతే వచ్చింది.”

“వాళ్లకు ఈ సంగతి తెలుసా?”

“ఎందుకు చెప్తాం?” అంది అమాయి. “మీ నర్సమ్మ ఒక్కతే అడిగింది.”

సికింద్రాబాదు తిరిగొచ్చాక, సంఘం ముందు నాయకుడు చదివిన రిపోర్టులో మొదటి పేరా ఆ గాదె గురించే ఉంది. రెండో పేరాలో, జనవరి టికెట్ల మీద పోయిన డబ్బు లెక్క రూపాయితో సహా రాశాడు. కథ ఇంతే.

నీతి

ఈ కథలో చెడ్డవాళ్లు ఒక్కరూ లేరు. రంగులు వేసిన పిల్లలు మంచివాళ్లు, మూడు వందల టీషర్టులు ఇచ్చిన వ్యాపారి మంచివాడు, రండి అన్న అమాయి అందరికంటే మంచిది. ఇంతమంది మంచివాళ్ల మధ్యే ఒక ఇంటి గాదె సగం ఖాళీగా మిగిలింది. మనుషులు కల్పితమైనా మలావీలో ఆ నెలల సంగతి కల్పితం కాదు. అక్కడ వాన కాలం ఏడాదికి ఒకటే, సుమారు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. మొక్కజొన్నే ప్రాణం. పాత గింజలు అయిపోయి కొత్త పంట రాని జనవరి, ఫిబ్రవరి నెలలు ఆకలి నెలలు. ఆ నెలల్లో పేదలు కడుపు కోసం గన్యుకు పోవడం, దాంతో సొంత చేలో కలుపు తీతకు వేళ తప్పడం, పంట తగ్గి మరుసటేడు మళ్లీ గన్యుకే పోవలసి రావడం అక్కడి వ్యవసాయాన్ని పరిశీలించిన వాళ్లు చాలామంది రాసిన విషయమే. మలేరియా ఎక్కువయ్యేదీ ఆ వానల్లోనే. మన సంక్రాంతి సెలవులు సరిగ్గా ఆ నెలల్లోనే పడతాయి.

పొట్టి ప్రయాణానికి తయారీ అంటే మన సంఘాలు చాలా చేస్తాయి. పాస్‌పోర్టు గడువు ఆరు నెలలుందా, వీసా ఏ రకం, టీకాలు, మలేరియా మాత్రలు, ఇన్సూరెన్స్, నాటిక రిహార్సల్, ఉపవాస ప్రార్థన. ఇవన్నీ అవసరమే, వీటిలో ఒక్కటి కూడా తేలిగ్గా తీసుకోవద్దనే నేనూ చెప్తాను. కానీ ఇవన్నీ వెళ్లేవాడి వైపు తయారీ. ఆతిథ్యమిచ్చే ఇంట్లో మన రాక వల్ల ఏం కదులుతుంది, ఏం ఆగిపోతుంది, ఎవరి పని ఎవరి మీద పడుతుంది అన్నది తెలుసుకోకుండా చేసే తయారీ సగం తయారీ కూడా కాదని నా గట్టి నమ్మకం. రండి అనే మాటను పేదవాడు ఎప్పుడూ అంటాడు. అది అతని మర్యాద. ఆ మర్యాదను అనుమతిగా వాడుకుని టికెట్ కొనడం తొందరపాటు. వీలేనా అని అడిగితే నిజం రాదు. ఏం పనిలో ఉంటారు, ఏం తింటారు, ఏ నెల మీకు తేలిక అని అడిగితే వస్తుంది. అదీ ఒక్క ఫోనులో రాదు, నర్సమ్మకు నెల రోజుల మాటలు పట్టాయి.

కొద్దిరోజుల పరిచర్య ప్రయాణానికి మన దగ్గరున్న అతి పాత తయారీ పాఠం లూకా సువార్త పదో అధ్యాయంలో ఉంది. యేసు డెబ్బైమందిని ఇద్దరిద్దరుగా పంపినప్పుడు చెప్పిన మాటల్లో ఏం తీసుకెళ్లకూడదన్నదీ ఉంది. డబ్బు సంచి వద్దన్నాడు, జోలె వద్దన్నాడు, చెప్పులు కూడా వద్దన్నాడు. ఒకే ఇంట్లో ఉండమన్నాడు, ఇల్లు మారవద్దన్నాడు, పెట్టింది తినమన్నాడు. వట్టి చేతులతో వెళ్లినవాడు ఆ ఊరివాళ్ల దయమీద బతకాలి, వాళ్ల వేళకు తినాలి, వాళ్ల మాట వినాలి. నిండు పెట్టెలతో వెళ్లినవాడికి ఆ అవసరం ఉండదు. 23 కిలోల పెట్టెను ఆయన ఒప్పుకోడని నేననను. కానీ పెట్టెలో ఏముండాలో తేల్చే హక్కు మనకంటే ముందు ఆ ఇంటివాళ్లదని ఆ అధ్యాయం చదివిన ప్రతిసారీ నాకు అనిపిస్తుంది.

డబ్బు లెక్క కూడా చూడక తప్పదు. 1998లో మిచ్ తుఫాను హోండురాస్‌ను తుడిచిపెట్టాక, ఎన్నో విదేశీ సంఘాల టీములు వెళ్లి ఇళ్లు కట్టాయి. కర్ట్ వర్ బీక్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆ ఇళ్లను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ప్రయాణ ఖర్చులతో కలిపి టీములు కట్టిన ఇల్లు ఒక్కొక్కటి సుమారు 30,000 డాలర్లు పడింది. అక్కడి సంస్థలు స్థానికులతో కట్టించిన ఇల్లు సుమారు 2,000 డాలర్లలో అయింది. ఆ ఇళ్లలో చేరిన కుటుంబాల జీవితంలో రెంటికీ పెద్ద తేడా కనిపించలేదు. ఆయన కూడా క్రైస్తవుడే, వెళ్లొద్దని రాయలేదు. ఇటుకలు పేర్చడానికైతే విమానమెక్కి వెళ్లనక్కర్లేదని మనకు అర్థమైతే చాలు. వెళ్లడానికి వేరే కారణం ఉండాలి, ఉంది కూడా. కంకులు ఒలిచే చోట చనిపోయిన బిడ్డల పేర్లు చెప్పుకోవడం డబ్బు పంపితే జరగదు.

ఇదంతా తెలుగు సంఘాలకు కొత్తగా చెప్పాలా? మనం నూటయాభై ఏళ్లకు పైగా అతిథులకు ఆతిథ్యమిచ్చిన వాళ్లం. వాళ్లలో అడిగి తెలుసుకున్న వాళ్లెవరో, అడగని వాళ్లెవరో మన పెద్దవాళ్లు గుర్తుపెట్టుకున్నారు. 1876-78 నాటి కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ ఏం చేశాడో చూడండి. ఆయనకు సర్వే పని తెలుసు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇచ్చాడు. ఆ రోజుల్లో వాళ్లకు కావలసింది కూలి డబ్బులని ఆయన గుర్తించాడు. కరవు తీరేదాకా బాప్తిస్మాలు ఇవ్వలేదు, గింజల కోసం ఎవరూ ప్రభువు పేరు చెప్పుకోకూడదని. కరవు సడలాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఏ నెలలో ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో తెలిసిన మనిషి ఆయన.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగితే, అప్పటికే దోర్నకల్‌లో పనిచేస్తున్న వి.ఎస్. అజరయ్య ఆ వేదిక మీద నిలబడి, మిషనరీల త్యాగాలకు భారత సంఘం కృతజ్ఞతగా ఉంటుందని చెప్పి, చివరికి అడిగింది స్నేహం. రెండేళ్లకు ఆయనే దోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. ఆయన అడిగినది ఈరోజు మనల్ని మలావీ పల్లె అడుగుతోంది. అప్పుడు మనం అందుకునేవాళ్లం, ఇప్పుడు పంపేవాళ్లమయ్యాం. నిజానికి పంపడమూ మనకు నిన్న మొన్నటిది కాదు. 1903లోనే తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు పంపారు, గిర్మిట్ (ఒప్పంద) కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్ల మధ్య పరిచర్యకు. ఆయన రెండు వారాలకు వెళ్లలేదు, 1915లో కన్నుమూసేదాకా అక్కడి సంఘాల కోసమే బతికాడు. రెండు వారాలకు వెళ్లేవాళ్లు అటువంటి మనిషి చేసిన పనిని రెండు వారాల్లో చేద్దామని అనుకోకూడదు. ఏళ్లతరబడి అక్కడే ఉండి పనిచేసే అబూసాకు పక్కన కూర్చుని, ఆయన చెయ్యమన్నది చేసి రావడం చాలు. అది చిన్న పని కాదు.

ఇంకొక్క విషయం, నాకు దీనిమీద ఎక్కువ బాధ ఉంది కాబట్టి చెప్తాను. చట్టం. వీసా అక్కర్లేదు కదా అని మన టీములు నేపాల్‌కు చాలా వెళ్తుంటాయి. అక్కడ 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న శిక్షాస్మృతి ప్రకారం మతం మార్చడం నేరం, ఐదేళ్ల దాకా జైలు. మనం పాట పాడి, ఫొటో తీసి, ఫేస్‌బుక్‌లో పెట్టి, బస్సెక్కి వచ్చేస్తాం. పోలీసులు వచ్చేది ఆ ఫొటోలో మన పక్కన నిలబడ్డ స్థానిక పాస్టరు ఇంటికి. మన ఊళ్లకు టూరిస్టు వీసా మీద వచ్చి సభల్లో ప్రసంగించిన విదేశీయుల వల్ల ఇక్కడి కాపరులు ఇరుకున పడడం మనం చూసిందే కదా. చట్టాన్ని దాటి వెళ్లాలా, లోబడి వెళ్లాలా అన్న తీర్మానం ఫలితం భరించేవాడిది. పిల్లల ఫొటోల విషయమూ ఇంతే. తల్లిదండ్రులను అడగకుండా ఒక్క ఫొటో తీయొద్దు. మందులైతే గడువు కనీసం ఏడాదైనా మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలే చెప్తున్నాయి. మన షాపులో అమ్ముడుపోనివి వేరొక దేశపు రోగికి కానుక కావు.

వెళ్లాలన్న భారం ఉన్నవాళ్లు వెళ్లండి. ఈ కథ చదివి ఎవరైనా మానుకుంటే నాకు సంతోషం ఉండదు. కానీ మీ సంఘంలో తేదీలు ఖాయం చేసే ముందు, విమానం ధరలు చూసే ముందు, ఆ ఊళ్లో మీకు వండిపెట్టబోయే ఇల్లాలు ఎవరో కనుక్కోండి. మీ సంఘంలో పల్లె తెలిసిన ఒక పెద్దావిడ చేత ఆమెకు ఫోను చేయించండి, ఒకసారి కాదు, నెల రోజుల పాటు. ఆమె ఏ నెల చెప్తే ఆ నెలకు మీ లీవులు పెట్టుకోండి. కుదరకపోతే ఈ ఏడాదికి ఆగి, టికెట్లకు దాచిన డబ్బులో కొంత అక్కడి సంఘానికి, వాళ్లు చెప్పిన పనికి పంపండి. వచ్చే ఏడాది వెళ్లవచ్చు.